ఆతురుని కాలము, విద్యార్థి ఆతురత

సంస్కృతమున ఆతురుడనగా రోగి. తెలుగున ఆతురత అనగా తొందర. ఫిజియోథెరపీ విభాగమున ఈ రెండర్థములు ప్రతిదినము ముఖాముఖిగా కూర్చుండును. బల్లపై మోకాలినొప్పితో ఆతురుడు. ఎదుట గడియారమును చూచుచు ఆతురతతో విద్యార్థి.

తరగతిలో సహాధ్యాయిపై గంటసేపు అభ్యసించిన పరీక్షను, ఇంటర్న్‌షిప్‌లో అడుగిడిన పిదప చికిత్సతో సహా అర్ధగంటలో ముగించవలసి వచ్చును. వెలుపల మరొకరు నిరీక్షించుచుందురు. అప్పుడు విద్యార్థులు రెండు త్రోవలలో ఒకదానిని పట్టుదురు. కొందరు ఏదియు విడువక సమస్తమును అడిగి కాలమును దాటుదురు. కొందరు రోగి మాటను మధ్యలోనే త్రుంచి పరుగిడుదురు. మొదటివారికి గురువు ప్రశ్నించునేమోనను భయము. రెండవవారికి మందకొడి యందురేమోనను భయము. ఇరువురి దృష్టియు తమపైననే నిలిచియున్నది. ఆ అర్ధగంట రోగి సొత్తు అను ఎరుక కలిగిననాడే సమయపాలనము ఆరంభమగును.

కాలము చాలనప్పుడు జారిపోవునది ఏది? చివరిది. చరిత్ర అడుగుట, పరీక్షించుట, చికిత్స చేయుట ముగిసిన పిదప మిగులునది ఇంటివద్ద చేయవలసిన వ్యాయామమును నేర్పుట. దాని స్థానమున ఒక కాగితము చేతికిచ్చి పంపుదురు. మరుసటి వారము "చేశారా?" అని అడిగిన, "ఏదో చేశాను బాబూ" అను సమాధానము వచ్చును. తొడ కండరము బలపడుటకు వారములు పట్టును; అది మన బల్లపై అర్ధగంటలో సిద్ధించదు. కావున కాలమును చివరినుండి లెక్కింపవలెను. తుది ఎనిమిది నిమిషములను ముందే వేరుపరచి, రోగిచేత ఆ వ్యాయామమును చేయించి చూడవలెను. మిగిలినదే ఇతర కార్యములకు.

అట్లైన విడువదగినదేది? భుజము బిగిసినవానికి తొలిదినముననే ప్రతి కీలును గోనియోమీటరుతో కొలువనక్కరలేదు. రేపు పోల్చి చూచుటకు ఉపకరించు ఒకటి రెండు కొలతలు చాలును. నేటి నిర్ణయమును మార్చని ప్రశ్న మరునాటికి ఆగవచ్చును.

విడువరానివి మాత్రము కలవు. నడుమునొప్పితో వచ్చినవారిని మలమూత్రముల నియంత్రణ, తొడల నడుమ తిమ్మిరి, కాళ్లలో పెరుగుచున్న బలహీనత, పూర్వపు క్యాన్సరు, జ్వరము, అకారణముగా బరువు తగ్గుట గూర్చి అడిగియే తీరవలెను. ఇందుకు పట్టునది రెండు నిమిషములు. అనుమానము కలిగించు సమాధానము వచ్చిన క్షణమున సమయపట్టిక రద్దగును. తక్షణమే పెద్దలను పిలువవలెను. ఆ తరువాతి ఆలస్యము దోషము కాదు.

హాట్‌ప్యాక్ ఉంచిన పదిహేను ఇరువది నిమిషములను పలువురు విరామముగా తలంతురు. అది విరామము కాదు. నడుమనడుమ చర్మమును చూడవలెను, వేడి అధికమైనదేమో అడుగవలెను. కేస్‌షీట్ వ్రాయుటకును అదియే అనువైన వేళ. సాయంకాలము స్మృతినుండి వ్రాసిన అంకెలను నమ్మరాదు.

ఇందు బోధకుల బాధ్యతయు కలదు. తొలివారమున ఒక్క రోగికి గంట యిచ్చి, పిమ్మట ముప్పావుగంటకు, ఆపై అర్ధగంటకు తగ్గించుట ఉచితము. "ఎందుకింత ఆలస్యము?" అనుటకు మారుగా "నేడు దేనిని విడిచితివి? ఎందుకు విడిచితివి?" అని ప్రశ్నించిన విద్యార్థికి వివేకము అలవడును. రద్దీగానున్న ప్రభుత్వ ఆసుపత్రిలో ఇది సాధ్యమా అని ఆక్షేపింపవచ్చును. గంట యిచ్చుట సాధ్యము కానిచోట పనిని పంచవచ్చును. చరిత్రయు పరీక్షయు పెద్దలు చూచి, వ్యాయామము నేర్పు భాగమును విద్యార్థికి పూర్తిగా అప్పగింపవలెను. నాలుగు పనులను అరకొరగా చేయుటకంటె ఒకదానిని తుదిముట్ట చేయుట మేలైన శిక్షణ.

ఇంత జాగ్రత్త వహించినను ఒక్కొక్కదినము ఆలస్యము తప్పదు. అప్పుడు వెలుపలికి వచ్చి, వేచియున్నవారితో ఇంకెన్ని నిమిషములు పట్టునో చెప్పి, క్షమింపుడని కోరవలెను. నడుము నొచ్చుచుండగా బస్సులో వచ్చిన వృద్ధురాలికి కుర్చీలో కూర్చుండుటయు బాధయే. లోపలనున్నవారి వలెనే ఆమెయు ఆతురురాలు.