చిన్న బండి బోరు కొడుతుందా?

"మొదటి బండి చిన్నది కొంటే ఆర్నెల్లకే బోరు కొడుతుంది, ఏకంగా ఆరొందల సీసీ స్పోర్ట్స్ బైకే కొనెయ్." అమెరికా వచ్చిన ప్రతి కుర్రాడికీ మనవాళ్ళిచ్చే సలహా ఇదే. నేనూ విన్నాను, కొన్నాను. మొదటి గేరులోనే గంటకి 65 మైళ్ళు దాటేసే ఆ బండి మీద ఏడాదిలో నేర్చుకున్నది ఒక్కటే: మలుపు కనిపిస్తే భయపడటం!

అది అమ్మేసి 399 సీసీ నింజా 400 కొన్నాకే నాకు బండి నడపడం వచ్చింది. యాక్సిలరేటర్ కాస్త ఎక్కువ తిప్పినా ఎగిరిపడదు కాబట్టి గేర్లన్నీ వాడుతూ, మలుపుల్లో వంచుతూ ధైర్యంగా నేర్చుకోవచ్చు.

2018లో అనా కరాస్కో సూపర్‌స్పోర్ట్ 300 ప్రపంచ టైటిల్ గెలిచింది రేసుకి సిద్ధం చేసిన నింజా 400 మీదే. ప్రపంచ చాంపియన్‌కి సరిపోయిన బండి మనకి ఆర్నెల్లకే చాలదట!

బోరు బండిది కాదు బాబూ, నేర్చుకోవడం మానేసిన మనది. మిగిలిన డబ్బుతో మంచి హెల్మెట్ కొనుక్కోండి.