ఆనందపురంతో టెస్ట్ చేస్తే అన్నీ కరెక్టే!

మాది ఆనందపురం. మండలాల వారీ డేటా ఏది చేతికొచ్చినా ముందు మా మండలం లెక్క సరిపోయిందో లేదో చూసుకుంటా. ఈ అలవాటే ఓసారి నా కొంప ముంచింది.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి కదా. పాత విశాఖలోంచి అనకాపల్లి విడిపోయింది, ఏజెన్సీ మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి. 2011 జనాభా లెక్కల్లో విశాఖపట్నం జిల్లా అంటే సుమారు 42.9 లక్షలు. అవే లెక్కల్ని కొత్త హద్దులతో కూడితే 19.6 లక్షలకి అటూ ఇటూ. జనం ఎక్కడికీ పోలేదు, పేరూ మారలేదు, దాని అర్థం మారింది. పోనీ అప్పటి మూడు కొత్త జిల్లాలూ కలిపితే పాతది వచ్చేదా అంటే అదీ లేదు. అప్పుడు అల్లూరి జిల్లాలో తూర్పు గోదావరి నుంచి వచ్చిన రంపచోడవరం వైపు మండలాలూ ఉండేవి మరి.

నా దగ్గర రెండు టేబుళ్ళు. ఒకటి మండలం వారీ అమ్మకాలు, రెండోది ఏ మండలం ఏ జిల్లాలో ఉందో చెప్పేది. పాత జిల్లా కూడా తెలియాలని, రెండోదాంట్లో అనకాపల్లికి ఇంకో వరస చేర్చా (తెలివి!). జాయిన్ చేసి సమ్ కొడితే అనకాపల్లి అమ్మకాలు రెండుసార్లు పడ్డాయి. ఆనందపురం జిల్లా మారలేదు కాబట్టి దానికి ఒకటే వరస, లెక్క పక్కా. అది చూసుకుని రిపోర్ట్ పంపేశా. తప్పు పట్టుకున్నది అవతలి ఆఫీసులో లెక్కలు చూసే ఆయన, అదీ కాగితం మీద కూడి! అప్పటికే ఆ అంకె చూసి అనకాపల్లికి సరుకు రెట్టింపు పంపుదామనుకుంటున్నారట.

ఇంతకీ చెప్పొచ్చేదేంటంటే... మనం కొత్తవాళ్ళకి ఫార్ములాలు నేర్పుతాం. "ఒక వరసకి అవతల ఎన్ని వరసలు తగులుతాయి?" అని మాత్రం అడగం. పవర్ బీఐలో వన్ టు మెనీ కుదరక మొరాయిస్తే, మెనీ టు మెనీ అని నొక్కి పని కానిచ్చేస్తాం. అది మొరాయించడం కాదు బాబూ, హెచ్చరిక!

మందు పెద్దదేం కాదు. మండలానికి ఒకటే వరస ఉంచి, పాత జిల్లా, కొత్త జిల్లా అని రెండు కాలమ్‌లు పెడితే చాలు. లేదా ప్రతి వరసకీ ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అని తేదీలిచ్చి, అమ్మిన తేదీని కండిషన్‌లో పెట్టండి. జాయిన్‌కి ముందూ తర్వాతా మొత్తం ఒకసారి సరిచూడండి.

అన్నిటికన్నా ముఖ్యం, టెస్టింగ్‌కి మీ ఊరు వద్దు. జిల్లా మారిన ఊరు తీసుకోండి. నేనిప్పుడు ముందు అనకాపల్లే చూస్తున్నా :)