పాలచీటీలో తెలుగు రాదన్న మాట నిజమేనా?

చింతామణి తాలూకాలోని ఒక పల్లెలో, తెల్లవారుజామున పాలు పోసి వచ్చిన ఒక పెద్దమ్మ చీటీని నా చేతికిచ్చి, "ఇందులో ఏం రాసుండారో సదివి చెప్పప్పా" అన్నది. నలభై ఏళ్ల కిందట కదిరి నుంచి కోడలిగా వచ్చిన ఆమెకు తెలుగు చదవడం వచ్చు. కన్నడ మాట్లాడగలదు గాని చదవలేదు. అంకెలు తెలుసు. ఏది లీటర్లో, ఏది వెన్న శాతమో, ఏది ధరో తెలియదు. బాగేపల్లి, చిక్కబళ్లాపురం పల్లెల్లోనూ ఇటువంటి కోడళ్లు ఎందరో.

తెలుగులో కూడా అచ్చువేయరాదా అని అడిగితే, "మిషన్లో తెలుగు రాదు, వేసి చూస్తే పిచ్చి గుర్తులు వచ్చినాయి" అన్నారు. వచ్చి ఉండవచ్చు. కాని ఆ దోషం తెలుగుది కాదు.

తూకపు యంత్రం, చీటీ ప్రింటరు వంటివి కంప్యూటరుతో మాట్లాడే పాత దారి సీరియల్ పోర్టు. ఒకే తీగపై బిట్లు ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. లినక్స్ వంటి యూనిక్స్ తరహా వ్యవస్థల్లో ఈ పోర్టు ఒక ఫైలు వలెనే కనిపిస్తుంది. ప్రోగ్రాము దానిని తెరిచి రాస్తుంది, చదువుతుంది. అయితే వేగమెంత, ఒక్కొక్క బైటుకు ఎన్ని బిట్లు అనేది టెర్మియోస్ అనే అమరికల్లో ముందుగా చెప్పాలి. ఇంగ్లీషుకు ఏడు బిట్లు చాలు గనుక ఏడే పెట్టి ఊరుకుంటే మనకు చేటు.

యూటీఎఫ్-8 పద్ధతిలో మన 'క' మూడు బైట్లు: 224, 176, 149. ఎనిమిదో బిట్టు తెగితే అవి 96, 48, 21గా మారుతాయి. అంటే ఒక వాలుగీత, ఒక సున్నా, అచ్చుకే రాని ఒక సంకేతం. పిచ్చి గుర్తులు ఇవే! ఇక కన్నడ 'క' చూడండి: 224, 178, 149. ఇరవైనాలుగు బిట్లలో తేడా ఒకే ఒక్క బిట్టు. కన్నడను మోసే తీగ తెలుగును మోయలేదంటే ఎవరు నమ్ముతారు?

ఒక చిక్కు ఉన్న మాట దాచను. చవక ప్రింటర్లలో తెలుగు అక్షరరూపాలు ఉండవు. పంక్తిని చుక్కల బొమ్మగా పంపాలి. ఆ బొమ్మలో 10 అనే బైటు వస్తే, వ్యవస్థ దానిని పంక్తి ముగింపుగా భ్రమించి ముందు ఒక 13 చేర్చవచ్చు, బొమ్మ చెదిరిపోతుంది. ఓపోస్ట్ అనే అమరికను తీసివేస్తే ఆ బాధ లేదు. 384 చుక్కల వెడల్పు, 24 చుక్కల ఎత్తు గల పంక్తి 1,152 బైట్లు. 9600 వేగంలో అది సెకనుకు పైగా పడుతుంది. పాలక్యాన్లు పట్టుకొని జనం వరుసలో నిలుచున్నప్పుడు అది ఆలస్యమే, ఒప్పుకుంటాను. ప్రింటరు ఓర్చగలిగితే 115200 పెట్టండి, సెకనులో పదోవంతు.

కన్నడను తీసివేయమని ఎవరూ అడగడం లేదు. దాని కింద తెలుగు చేర్చమంటున్నాము. కైవారం తాతయ్య రెండు భాషల్లోనూ పాడిన గడ్డ ఇది.

మన పిల్లలు బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ కొలువులు చేస్తున్నారు. ఒక ఆదివారం ఊరి సంఘానికి వెళ్లి కార్యదర్శి పక్కన కూర్చోండి. అర్జీలో "తెలుగు కావాలి" అని మాత్రమే రాయకండి; "8 బిట్లు, ఓపోస్ట్ వద్దు, వేగం 115200" అని కూడా రాయండి.