మొక్కకు మొదటి వేసవి

రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగిలే ఎండ అంటారు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో పాదుల మట్టి పగిలింది. పోయిన వానాకాలం నాటిన ఒక కానుగ మొక్క మొదట్లో వేలు దించి చూశాను. రెండో కణుపు దాకా దిగినా తడి తగల్లేదు. ఆకుల అంచులు మాడిపోయాయి, కొసన మాత్రం చిటికెన వేలి గోరంత లేత చిగురు ఉంది. మొక్క బతికే ఉంది.

అక్కడ పొద్దున్నే నడవడానికి వచ్చేవాళ్లలో కొందరు చేతిలో నీళ్ల సీసాతోనో, పాత నూనె డబ్బాతోనో వస్తారు. వాళ్లను ఎవరూ రమ్మనలేదు. ఒక పెద్దాయన అరడజను మొక్కల్ని తన సొంతం చేసుకున్నాడు. నీళ్లు ఒక్కసారిగా కుమ్మరించడు. పాదు గట్టు తెగకుండా సన్నటి ధారగా పోసి, ఇంకేదాకా ఆగి, మళ్లీ పోస్తాడు. తర్వాత రాలిన ఆకులు పోగుచేసి మొదట్లో పరుస్తాడు. ఎండ నేరుగా తగలక ఆ తడి సాయంత్రం దాకా నిలుస్తుంది. అలాంటి ఆకుల్నే మన ఊళ్లో చాలాచోట్ల కుప్పపోసి తగలబెడుతున్నారు. ఆ పని ఈ రోజే ఆపాలి.

వేప, కానుగ, చింత, తంగేడు కరువుకు ఓర్చుకునేవే కదా, వాటికి మనం నీళ్లు పోయాలా అని చాలామంది అడుగుతారు. పోయాలి. వాటి ఓర్పంతా వేళ్లలో ఉంది. ఆ వేళ్లు లోతుకు దిగేదాకా వేప మొక్క కూడా పసిబిడ్డే. రెండు మూడు వేసవులు చెయ్యి పట్టుకుని దాటిస్తే ఆ తర్వాత మన నీళ్ల కోసం ఎదురుచూడదు. మనం ఎగ్గొడుతున్నది సరిగ్గా ఆ వేసవుల్నే. జులైలో మొక్క నాటడానికి పదిమంది పోటీపడతారు, మే నెలలో దాని మొహం చూసేవాళ్లు ఉండరు. ఈ ఏడు కొత్తగా వంద నాటకపోయినా ఫర్వాలేదు, నిరుడు నాటినవాటిలో పాతిక బతికించుకుందాం.

అబిడ్స్ నుంచి అఫ్జల్‌గంజ్ వైపు వెళ్తే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు 150 మందికి పైగా ఆ కొమ్మల మీదే ప్రాణాలు నిలుపుకున్నారు. ఆ చింతకూ ఒకనాడు మొదటి వేసవి వచ్చే ఉంటుంది.

అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు పరిచేవాళ్లు నీడ ఎక్కడుంటే అక్కడికి జరుగుతుంటారు. వాళ్లకు కావలసింది చెట్టు. మనం మాత్రం నగరంలో రోడ్ల మధ్య గడ్డి పెంచి, దాని కోసం ట్యాంకర్లు తిప్పుతున్నాం. నీళ్లకు ఇంత కటకటగా ఉన్న నగరంలో ఇది తప్పు. తంగేడు మన రాష్ట్ర పుష్పం, బతుకమ్మకు మొదట వెతుక్కునే పువ్వు. రాళ్ల నేలలోనూ బతుకుతుంది. గడ్డి తీసి తంగేడు, గన్నేరు, కాగితపు పూలు పెడితే ఆ ట్యాంకర్ నీళ్లు ఏ బస్తీకైనా అందుతాయి.

దుకాణదారులకు ఒక మనవి. మీ ఏసీల నుంచి కారే నీరు ఫుట్‌పాత్ మీద పడి మురుగులో కలుస్తోంది. కింద ఒక బకెట్ పెట్టండి. గాలిలో తేమ ఉన్న రోజున అది నిండుతుంది. ఆ నీళ్లలో ఉప్పు ఉండదు కాబట్టి ఎదురుగా ఉన్న మొక్కకు నిశ్చింతగా పోయొచ్చు.

మృగశిర కార్తె ఇంకా రాలేదు. అది మొదలయ్యే రోజు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం కోసం జనం బారులు తీరతారు. వాన మాత్రం అదే రోజు పడుతుందన్న పూచీ లేదు. అప్పటిదాకా ఆ కానుగ నిలవాలంటే రోజూ ఒక డబ్బా నీళ్లు కావాలి. రేపు పొద్దున ఆరు లోపు ఒక డబ్బా పట్టుకుని రండి.