వడ్డీ లేని చేబదులు

1892లో న్యూయార్క్ నగరం లోయర్ ఈస్ట్ సైడ్ ప్రాంతంలో కొందరు యూదు వలసదారులు 95 డాలర్లు పోగుచేసి హీబ్రూ ఫ్రీ లోన్ సొసైటీని నెలకొల్పారు. రష్యా సామ్రాజ్యంలో వేధింపులకు, దారిద్ర్యానికి తాళలేక ఓడలెక్కి వచ్చిన కుటుంబాలు అక్కడి ఇరుకు గదుల్లో కిక్కిరిసి బతుకుతున్న రోజులవి. తోపుడు బండికో, కుట్టు మిషనుకో కావలసిన కొద్దిపాటి పెట్టుబడిని సొసైటీ వడ్డీ లేకుండా ఇచ్చేది.

పేదవాడికిచ్చిన అప్పుపై వడ్డీ పుచ్చుకోరాదన్నది యూదుల ధర్మగ్రంథం తోరా నియమం. దానధర్మాలను ఎనిమిది మెట్లుగా వివరించిన 12వ శతాబ్ది యూదు పండితుడు మైమోనిడిస్, మనిషి మళ్లీ చేయి చాచనక్కర్లేకుండా అప్పో, పనో, వ్యాపారంలో వాటాయో ఇచ్చి నిలబెట్టడాన్ని పైమెట్టున ఉంచాడు. పుచ్చుకునేవారి మర్యాదను కాపాడే ఈ ఆలోచనే సంస్థకు ప్రాణం. అప్పుకు పూచీదారులు నిలబడతారు; తిరిగొచ్చిన సొమ్ము మరొకరి చేతికి వెళ్తుంది.

అన్నిటికన్నా మెచ్చదగినది, యూదులు కూడబెట్టిన ఈ నిధి ఎవరి మతమూ అడగకపోవడం. న్యూయార్క్‌లో అల్పాదాయ కుటుంబాలు, ఏ మతం వారైనా సరే, చదువుకూ వైద్యానికీ చిన్న వ్యాపారానికీ నేటికీ అక్కడ వడ్డీ లేని అప్పు తీసుకుంటున్నాయి.