ఊరు చూసొచ్చాం... నిజంగా చూశామా?

సెలవులు వచ్చాయంటే చాలు, హైదరాబాద్ వెళ్దామని పిల్లలు గోల మొదలుపెడతారు. చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, జూపార్కు, బిర్లామందిర్... అన్నీ రెండు రోజుల్లో చుట్టబెట్టెయ్యాలని శ్రీవారి లెక్క. పులిహోర కలపడం, మంచినీళ్ళ సీసాలు నింపడం, చిన్నవాడికి ఇంకో జత బట్టలు పెట్టుకోవడం, అత్తగారి మాత్రలు మర్చిపోకుండా సర్దడం మన లెక్క. తీరా అందరూ గోల్కొండ మెట్లెక్కుతుంటే కింద చెట్టునీడన సంచులకు కాపలా ఎవరో వేరే చెప్పాలా? "నువ్విక్కడే కూర్చో, మేం ఇట్టే వచ్చేస్తాం" అన్న మాట వినని ఇల్లాలు ఉంటుందా?

కాళ్ళనొప్పులని సర్దిచెప్పుకుంటాం గానీ, అసలు కారణం అది కాదు. ఆ రాళ్ళూ గోడలూ రాజులవి, ఆ యుద్ధాలు మగవాళ్ళవి, మనకేం సంబంధం అనే భావన మనలో ఎక్కడో ఉండిపోయింది. గైడు చెప్పే కథలూ అందుకు తగ్గట్టే ఉంటాయి. ఆయన నోట వినిపించే ఆడవాళ్ళు భాగమతి, తారామతి, ప్రేమామతి. ఒకరు ప్రేయసి, ఇద్దరు నర్తకులు. ఆ భాగమతి అసలు ఉందో లేదో చరిత్రకారులే ఇప్పటికీ వాదించుకుంటున్నారు. కచ్చితంగా ఉన్న ఆడవాళ్ళ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

హయాత్ బక్షీ బేగం పేరు ఎంతమందికి తెలుసు? 1591లో చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు ఆమె. తర్వాతి సుల్తానుకు భార్య, ఆ తర్వాతి సుల్తానుకు తల్లి. 1626లో భర్త పోయేనాటికి కొడుకు అబ్దుల్లా పన్నెండేళ్ళవాడు. కొడుకు పేరుతో రాజ్యభారం మోసింది ఆ తల్లే. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు సంధి మాట్లాడడానికి మొగలుల శిబిరానికి తనే వెళ్ళింది. విజయవాడ రోడ్డులో బస్సు హయత్‌నగర్ మీదుగా వెళ్తుందే, ఆ ఊరికి ఆ పేరు ఈవిడదే. కోటకు దగ్గర్లోని కుతుబ్‌షాహీ సమాధుల్లో ఆవిడ సమాధి సుల్తానుల వాటికి దీటుగా నిలబడి ఉంటుంది. ఇన్నిసార్లు ఆ దారిన వెళ్ళాం, ఒక్కసారైనా తలుచుకున్నామా?

కోఠీలో ఉమెన్స్ కాలేజీ అనగానే తలలో మెదిలే ఆ పెద్ద స్తంభాల భవనం ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ. 1803 ప్రాంతంలో దాన్ని కట్టించడం మొదలుపెట్టిన రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్ ఇక్కడి అమ్మాయి ఖైరున్నిసాను పెళ్ళాడాడు. ఆమె ఘోషాలో ఉండేది. ముందువైపుకు వచ్చి భవనాన్ని చూడలేదు కాబట్టి, అచ్చం అలాంటిదే చిన్న నమూనా ఆమె తోటలో కట్టించాడని చెబుతారు. 1805లో పిల్లలిద్దర్నీ ఇంగ్లండుకు పంపించేశారు. అదే ఏడు భర్త పోయాడు. ఆ తల్లి మళ్ళీ పిల్లల మొహం చూడకుండానే చిన్నవయసులో కన్నుమూసింది. ఆ ఇంట్లోకే 1949లో ఆడపిల్లల కాలేజీ వచ్చింది. ఒక ఆడమనిషి ఎదుటికి వచ్చి చూడలేకపోయిన మెట్ల మీద వేలమంది అమ్మాయిలు పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు. 2022లో అది విశ్వవిద్యాలయమైంది. ఇప్పుడు దానికి, పాలకుర్తిలో తన భూమి కోసం దొరను ఎదిరించిన చాకలి ఐలమ్మ పేరు. చదువుల చోటు కాబట్టి, చూడాలనుకుంటే ముందుగా కనుక్కుని వెళ్ళడం మంచిది.

మౌలాలీ గుట్ట కింద మహ్‌లఖా బాయి చందా సమాధి ఉంది. నిజాం దర్బారులో గౌరవాలందుకున్న కవయిత్రి ఆమె. ఆమె ఉర్దూ గజళ్ళ సంపుటి 1824లో అచ్చయింది. ఇక నీలోఫర్ ఆసుపత్రి! బిడ్డకు జబ్బు చేస్తే తెలుగునాట తల్లులకు గుర్తొచ్చే పేరది. ఆ నీలోఫర్ నిజాం గారి కోడలు. తన దగ్గర పనిచేసే అమ్మాయి ప్రసవంలో చనిపోతే తల్లడిల్లి, తల్లీబిడ్డలకో ఆసుపత్రి కావాలని పట్టుబట్టిందట. టూరిస్టు బస్సు ఈ రెండు చోట్లా ఆగదు.

ఆగే చోటు కూడా ఒకటుంది, లాడ్‌బజారు. బేరమాడి గాజులు కొనుక్కుంటాం, చేతికి సరిపోయాయా లేదా చూసుకుంటాం. లక్కను నిప్పు సెగమీద కరిగించి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, ఒక్కొక్క రాయినీ చేత్తో అతికిస్తేనే ఆ గాజు తయారవుతుంది. ఈసారి బేరమాడేటప్పుడు ఆ పని చేసే చేతుల్నీ ఒక్క క్షణం తలుచుకుందాం.

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక చెక్కబొమ్మ ఉంది. ఎదురుగా చూస్తే ధీమాగా నిలబడ్డ మగవాడు, మెఫిస్టోఫిలిస్. వెనకవైపు తలవంచుకున్న అమ్మాయి, మార్గరెట్టా. వెనక అద్దం పెట్టారు కాబట్టి ఆమె కనిపిస్తుంది. మన ఊళ్ళ చరిత్రకీ అలాంటి అద్దమే కావాలి. సమాధుల దగ్గర, కోటల దగ్గర ఆ స్త్రీలెవరో, ఏం చేశారో నాలుగు ముక్కలు తెలుగులో రాసిన బోర్డు పెట్టడం పర్యాటక శాఖకు అంత కష్టమా? శుభ్రమైన మరుగుదొడ్డి, చంటిబిడ్డకు పాలివ్వడానికి కాస్త చాటు, పెద్దవాళ్ళు కూర్చోవడానికి బల్ల... ఇవి సౌకర్యాలు కావు, అవసరాలు. మరుగుదొడ్డి దొరకదేమోనని పొద్దున్నుంచీ మంచినీళ్ళు తాగకుండా తిరిగే మనిషికి ఏ కోట అందంగా కనిపిస్తుంది? అడగకపోతే అవి రావు. కనిపించిన ఫిర్యాదు పుస్తకంలో రాద్దాం, నలుగురం కలిసి అడుగుదాం.

ఇంట్లోనూ ఒక మాట అనాలి. సంచుల కాపలా వంతులవారీగా ఉండాలి. గోల్కొండలో కింద ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సారులో వినిపిస్తుందట. ఎంతసేపూ కింద చప్పట్లు కొట్టడం మన వంతేనా? ఈసారి పైకెక్కి విందాం, కింద ఆయన్ని కొట్టమందాం.

ఇంటిల్లిపాదీ కదిలేదాకా ఆగక్కర్లేదు కూడా. తెలంగాణ ఆడవాళ్ళకు 2023 డిసెంబరు నుంచి సిటీ ఆర్డినరీ బస్సుల్లో ఛార్జీ లేదు. ఇరుగూపొరుగూ నలుగురు కలిస్తే ఒక పూట చాలు. శుక్రవారం మ్యూజియానికి సెలవు, అది మాత్రం చూసుకోండి. కాలేజీకెళ్ళే అమ్మాయినీ వెంట తీసుకెళ్ళండి. హయాత్ బక్షీ కథ ఆమెకు గైడు చెప్పడు, మనమే చెప్పాలి.