తెరను అడిగి తెలిసికొనవలెను

ఆంధ్ర, మదరాసు రాష్ట్రముల సరిహద్దు విషయమున పటాస్కరు చేసిన మధ్యవర్తిత్వము ననుసరించి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లానుండి మదరాసు (నేటి తమిళనాడు) రాష్ట్రమునకు చేరిన పళ్ళిపట్టు సీమలో నేటికిని ఇండ్లయందును మగ్గములకడను తెలుగు వినబడుచునే యున్నది. తమిళ పఠనమును పాఠశాలలలో అనివార్యము చేసిన 2006 నాటి చట్టము పిమ్మట బడిలో తెలుగునకు చోటు సంకుచితమైనందున, ఆ సీమ బాలబాలికలకు మాతృభాషాక్షరము పుస్తకముకంటె తెరమీదనే తరచుగా కానవచ్చు కాలము వచ్చినది. తమిళనాడు ప్రభుత్వము విద్యార్థులకు ఉచితముగా ల్యాప్‌టాపులు పంచు పథకమును 2011 సెప్టెంబరు 15న ప్రారంభించినదియు పళ్ళిపట్టు నేడున్న తిరువళ్ళూరు జిల్లాలోనే. కావున ఆ తెరపై ఒత్తులు తెగక, గుడులు విరుగక, అక్షరము సమగ్రముగా నిలుచుట అలంకారమాత్రమని నేను తలపను. అది చదువునకు సంబంధించిన హక్కు.

ఆ హక్కును నిలుపుట ప్రోగ్రాము వ్రాయువాని చేతిలోనున్నది. అతడు విండోను తెరచుటకు ముందే, తెరలతో వ్యవహరించు ఎస్‌డీఎల్, జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ వంటి లైబ్రరీలను అడిగినచో, యంత్రమునకు ఎన్ని తెరలు తగిలించియున్నవో, ఒక్కొక్కటి ఎన్ని పిక్సెళ్ళ వెడల్పో, టాస్కుబారు ఆక్రమించినది పోగా మిగిలిన చోటెంతయో, వాడువారు అక్షరమును ఎన్ని రెట్లు పెంచుకొనిరో అవి తెలుపగలవు. మగ్గము వెడల్పు చూడకయే పడుగు సిద్ధపరచు నేతగాడు పళ్ళిపట్టు తాలూకాలో కానరాడు. కాని తన బల్లమీది పెద్ద తెరనే లోకమునకెల్ల ప్రమాణముగా గైకొని విండో కొలతలను ప్రోగ్రాములో స్థిరముగా వ్రాసివేయువారు కొల్లలుగా నున్నారు.

దీని ఫలము లెక్కవేసి చూడవచ్చును. పదునాలుగు అంగుళముల తెరపై 1366×768 పిక్సెళ్ళున్నచో అంగుళమునకు సుమారు 112 చుక్కలు పడును. అదే కొలత తెరపై 1920×1080 ఉన్నచో సుమారు 157. పదునారు పిక్సెళ్ళ అక్షరము మొదటిదానిపై 3.6 మిల్లీమీటర్లు, రెండవదానిపై 2.6 మిల్లీమీటర్లు మాత్రమే. ఆంగ్లాక్షరము ఈ క్షయమును ఎట్లో సహించును. ‘రాష్ట్రము’ అను పదములో టవత్తును రవత్తును కూడ ఆ చిన్న చోటనే ఇముడవలసి వచ్చినపుడు, క్రొత్తగా చదువ నేర్చుచున్న బిడ్డకు అది గుర్తించరాని మరకయే యగును.

ఈ బాధ్యత ఆపరేటింగ్ సిస్టముదే యని కొందరందురు. ప్రోగ్రాము తెరను విచారింపనపుడు విండోస్ వంటివి దాని బొమ్మను సాగదీసి చూపుట నిజమే. కాని సాగదీసిన బొమ్మలో అంచులు అలుకుకొనిపోవును, తెలుగులో వంపులే అక్షరభేదమును తెలుపునవి గదా!

అడిగినంతమాత్రమున వచ్చిన ప్రత్యుత్తరమును గ్రుడ్డిగా నమ్ముటయు తగదు. 1994లో తెరల ప్రమాణములను రూపొందించు వెసా (VESA) సంస్థ నిర్ణయించిన 128 బైట్ల ఇడిఐడి పట్టికలో తెర తన వెడల్పును, ఎత్తును సెంటీమీటర్లలో చెప్పుకొనుటకు చోటున్నది. కాని గోడపై పడు బొమ్మకు నియతమైన కొలత లేనందున ప్రొజెక్టరు అచ్చట సున్నలే ఉంచును. లినక్సు వంటి వ్యవస్థలలో తెరను నడపు ఎక్స్ సర్వరు అనేక యేండ్లుగా తెర యేదైనను అంగుళమునకు 96 చుక్కలనియే సాధారణముగా చెప్పుచు వచ్చినది. ఇట్టి చిక్కులవలననే 2025 జనవరిలో స్థిరరూపమున వెలువడిన ఎస్‌డీఎల్ 3 అంగుళపు చుక్కలను తెలుపు ఫంక్షనును తొలగించి, అక్షరమును ఎన్ని రెట్లు పెంచవలెనో తెలుపు హెచ్చింపు ప్రమాణమునే అడుగుమని నిర్దేశించినది. ఆ నిర్ణయము సమంజసమని నా అభిప్రాయము.

ప్రభుత్వములును విద్యాసంస్థలును పాఠ్యసాఫ్ట్‌వేరు చేయించునపుడు, చిన్న తెరపైనను ప్రొజెక్టరుపైనను తెలుగు పాఠముతో పరీక్షించి చూపవలెనను షరతును ఒప్పందములో చేర్పవలెను. విండో ఒక తెరనుండి మరియొక తెరకు జరిగినప్పుడెల్ల ప్రోగ్రాము మరల విచారింపవలెను. కొలతలు సున్నలుగా వచ్చిన తరగతిగదిలో ఒక తెలుగు వాక్యమును గోడపై చూపి, వెనుక బల్లవారికి కనబడుచున్నదా యని ఉపాధ్యాయుని అడిగి, ఆయన నిర్ణయించిన పరిమాణమును ఆ ప్రొజెక్టరు పేరుతోనే భద్రపరచి, మరునాడు దానినే వాడవలెను.